ఉతకని చీర

మొన్న మా కోడలు, మనవరాలిని పగటిపూట చూసుకునే ఇల్లు దొరుకుతుందేమోనని జహీరాబాద్‌లో నాలుగు గల్లీలు నన్ను తిప్పి, చివరి ఇంట్లో కూడా ఖాళీ లేదు, పేరు మాత్రం రాసుకుంటామన్నారని చెబితే, పాలు తాగే పిల్లకూ బస్సు సీటులాగా రిజర్వేషనా అని నవ్వాను గానీ, ఆ నవ్వులోనే మా పాత గల్లీలోని అవ్వ గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు చెబితే తెలుస్తుంది. ఏడో తరగతిలోనే నేను బడికీ, బడి నాకూ దండం పెట్టేసుకున్నాం కనుక, నాకు దొరికిన కొలువు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించేది. మా ఆయన కాలు విరిగి మొగుడంపల్లిలో వాళ్లమ్మ దగ్గర మంచాన ఉన్నాడు, పొయ్యి వెలగాలంటే ఆ పనే దిక్కు, చంకలో ఎనిమిది నెలల కొడుకు.

అవ్వ ఒక్క గదిలో ఏడుగురు పిల్లలను చూసేది. ఆమె షరతు ఒకటే: తల్లి నిన్న కట్టిన చీర ఉతక్కుండా ఇచ్చిపోవాలి. నా చెమట గల్లీ అంతా వాసన చూడాలా అని సిగ్గుపడి, నేను రెండుసార్లు సబ్బు పెట్టి, ఎండలో ఆరేసి, పెళ్లికి పెట్టినట్టు మడతపెట్టి ఇచ్చాను. ఆ రోజు పిల్లాడు పాలు ముట్టక, ఏడ్చి ఏడ్చి నీలంగా మారాడని ఫ్యాక్టరీ గేటు దాకా కబురొచ్చింది. మళ్లీ పని నడుమల పోతే ఇక రావొద్దని సూపర్‌వైజర్ అన్నాడు.

పరుగున వస్తే అవ్వ ఆ చీరను ముక్కుకు పెట్టుకొని చూసింది.

"అగో, సబ్బుతోటి నిన్ను నువ్వే ఉతికి పారేసినవ్ గదనే! ఇంక పోరడు ఎవల్ని పట్టుకొని పండాలె?"

"చెమట కంపు గొడ్తది గదా అవ్వా."

"నీ సెంటు ఎవలికి గావాలెనే? జర సిగ్గు పక్కకు పెట్టి, గా ఒంటి మీదిది ఇడ్సియ్యి."

మరునాడు మూతలు బిగిస్తున్నానన్న మాటే గానీ చెవులు రెండూ గేటు దగ్గరే ఉన్నాయి, ఎవరూ రాలేదు. సాయంత్రం వెళ్లేసరికి మా వాడు నా కొంగు నోట్లో పెట్టుకొని హాయిగా పడుకున్నాడు. కళ్లకు పొరలు కమ్మిన ఆ ముసలామె మిగతా చీరలను ఒక్కొక్కటే వాసన చూసి, ఏ తల్లి చీరను ఆ తల్లి బిడ్డ కింద, ఒక్కటీ తప్పకుండా పరుస్తుంటే, గడపలో చెప్పులు విడవడం కూడా మరిచి నిలబడిపోయాను.

అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు మా ఇంటిల్లిపాది బట్టలూ మెషీన్‌లోంచి ఒకటే పూల వాసనతో వస్తాయి. ఎంత ముక్కుకు ఆనించుకున్నా ఎవరివేవో నాకు తెలియడం లేదు.