ఎంగిలి గాని గిన్నె

మొన్న కాజీపేట నుంచి హన్మకొండకు బస్సుల వస్తాన. పక్క సీట్ల కూసున్న ఒకామె సంచిలకెల్లి పల్లీపట్టి తీసి, విరిచి, సగం ముక్క మా మనుమని నోటికాడ పెట్టబోయింది. వానికి నాలుగేండ్లు నిండినయ్. నేను కిటికీ దిక్కు చూస్తున్నదాన్ని ఇటు తిరిగేసరికి, వాడు రెండు చేతులు వీపు వెనుక దాచుకోని, మూతి బిగబట్టి తల అడ్డంగ ఊపుతాండు. "నాకు పల్లీలు పడయ్ ఆంటీ" అన్నడు. ఆమె నవ్వి, నా దిక్కు చూసి "జరంత ముక్కకు ఏమైతదమ్మా, పిలగాడు ఆశపడతాండు" అన్నది. ఆశపడుడేంది! వాడు చేతులు దాచుకుంటే ఆమెకు ఆశ కనపడ్డది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమైతదో చూస్తవా? చూసినంక వాన్నెత్తుకోని దవాఖానకు నువ్వే ఉరుకుతవా?" అని గట్టిగనే అడిగిన. బస్సు బస్సంత మా దిక్కు తిరిగింది. ఆమె మూతి ముడుచుకోని పట్టి మల్ల సంచిల వేసుకున్నది. ఇంటికొచ్చినంక ముచ్చట చెప్తే మా బిడ్డ "గంత లొల్లి ఎందుకే అమ్మా, వద్దంటే అయిపోతుండె గద" అన్నది. అయిపోతుండె, నిజమే. గని 'జరంతకు ఏమైతది' అన్న మాట నా చెవుల పడితే నేను మనిషిని గాను. ఎందుకు గానో చెప్పాల్నంటే వీని పది నెలలప్పటి ముచ్చట చెప్పాలె.

వాడు పుట్టిన కాన్నుంచి ఏడుపే. మా ఇంటాయన రైల్వేల చేసి రిటైరైన మనిషి, నలభై ఏండ్లు గూడ్సుబండ్ల మోతల నిద్రపోయిండు. ఆయన గుడ చెవులల్ల దూది పెట్టుకున్నడు. పిలగాని ఒళ్లంత ఎర్రగ దద్దులు. బుగ్గలు గీక్కోని గీక్కోని పొక్కిపోయినయ్. తిండి కాడికొస్తే ఇగ చెప్పొద్దు. అరటిపండు ఉమ్మిండు, ఆలుగడ్డ ఉమ్మిండు, మెత్తగ పిసికిన పప్పన్నం నా మొఖం మీదనే ఉమ్మిండు. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టిన పిండితోని చేసిన ఉగ్గు ఒక్కటే మింగేది, అది గుడ నేను పాట పాడితేనే. సలహాలకైతే కొదువ లేకుండె. మా గల్లీల ప్రతి ఆడమనిషి డాక్టరే. ఒకామె వస అరగదీసి నాకించుమన్నది, ఒకామె తాయత్తు తెచ్చింది, ఇంకొకామె మూడు పూటలు ఉప్పు మిరపకాయలు తిప్పేయమన్నది. ఎదురింటాయన, తన పిల్లలనే ఎన్నడు ఎత్తుకోని మనిషి, గేటు కాడ నిలవడి "ఎండల పెట్టుర్రి, అదే తగ్గుతది" అన్నడు. అందరు కలిసి ఆఖరికి మా బిడ్డ తిండి మీద పడ్డరు. వంకాయ తిన్నదేమో, గోంగూర తిన్నదేమో, చల్లన్నం తిన్నదేమో! ఆర్నెల్లు నా బిడ్డ చారన్నం మీద బతికింది. పిల్లగాన్ని కన్న పిల్ల పుల్లలెక్క అయిపోతాంటే 'కడుపునిండ తిన్నవా బిడ్డా' అని అడిగినోళ్లు ఒక్కరు లేరు. ఏం తిన్నవు, ఎందుకు తిన్నవు అని అడిగినోళ్లే అందరు. ఇప్పుడు యాదికొచ్చినా నాకు పండ్లు పటపటలాడతయ్.

ఎనిమిదో నెలల ఒకనాడు ఇడ్లీ ముక్కకు పల్లీ చట్నీ జరంత అంటించి పెట్టినం. నిమిషాల మీద పెదవులు ఉబ్బినయ్, కండ్లు మూసుకపోయినయ్. దవాఖానకు తీస్కపోతే పిల్లల డాక్టరమ్మ సూదిచ్చి, పరీక్షలు రాసి, ఆఖరికి తేల్చి చెప్పింది. వీనికి పల్లీలు పడయ్. పొడి గుడ నోట్లకు పోవద్దు. ఈసారి మూతి ఉబ్బింది. ఇంకోసారి గొంతు లోపల ఉబ్బితే ఊపిరాడది. ఆ మాట విన్నంక నాకు రెండు రోజులు బువ్వ సయించలే.

మా చుట్టాలకు మాత్రం నవ్వులాట అయింది. "పల్లీలు పడకపోవుడేంది, విడ్డూరం గాకపోతే! మనింట్ల పుట్టినోడే గద?" అన్నది మా ఆడిబిడ్డ. మాటైతే నిజమే, మా ఇండ్లల్ల పల్లీ లేని పూట ఉండది. చట్నీల పల్లీ, పులిహోరల పల్లీ, కూరల పల్లీ పొడి, సాయంత్రం ఏం తోచకపోతే ఉడకపెట్టిన పల్లికాయ. అట్లని వాడు ఊపిరాడక గిలగిల కొట్టుకోవాల్నా? ఇంటికొచ్చినోళ్లందరికి గడప కాన్నే చెప్పేది నేను: పిలగానికి ఏం పెట్టొద్దు, చేతులు కడుక్కోకుంట ముట్టుకోవద్దు. "అబ్బో, నీ మనుమడేమన్న మహారాజా!" అని మూతులు తిప్పుకోని పోయినోళ్లున్నరు. పోతే పోయిన్రు.

బయటోళ్ల సంగతి అట్లుంచుర్రి, నాకు అసలు భయం ఇంట్ల మనిషితోని. మా అత్తమ్మ, అంటే మా ఇంటాయన తల్లి, ఎనభై దాటిన మనిషి, మా తాననే ఉండేది. తొర్రూరు దిక్కు పల్లెటూర్ల పుట్టి, చిన్నప్పుడు పల్లికాయ ఏరే కూలికి పోయి, ఎనిమిదిమందిని కని పెంచింది. అలర్జీ అన్న మాట ఆమె నోరు తిరిగేది కాదు, చెవికెక్కేది కాదు. "మేం పిల్లలను సాదలేదా? నాలుకకు జర రాస్తే ఏమైతదే?" అనేది. ఒకసారి పిలగాని నాలుకకు బెల్లం రాస్తాంటే కండ్లార చూసి చెయ్యి పట్టుకున్న. దానికితోడు అప్పటికే మతిమరుపు మొదలైంది. చాయ తాగిన గిలాస కింద పెట్టకముందే "నాకు చాయ పోయలేదేందే కోడలా" అని అడిగేది. మనిషి మంచిదే. ముప్పై ఏండ్లల్ల నన్ను ఒక్క మాట అనలే, నేను గుడ ఆమెను అనలే. గని పిలగాడు ఆమె ఒడిల ఉంటే నా ఒక కన్ను అటే ఉండేది.

సద్దుల బతుకమ్మ వచ్చింది. తొమ్మిది దినాలు ఆడి ఆఖరినాడు బతుకమ్మను నీళ్లల్ల వదిలినంక, ఆడోళ్లమంత సత్తుపిండి చేతుల్ల పెట్టుకోని "ఇస్తినమ్మ వాయినం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయినం" అని ఇచ్చిపుచ్చుకుంటం. నువ్వుల సత్తు, కొబ్బరి సత్తు, పల్లి సత్తు. మా బిడ్డ ముందే అన్నది, "అమ్మా, ఈసారి పల్లీలు ఇంటికి తేకే." నేనేమన్ననో తెలుసా? "సద్దులనాడు పల్లి సత్తు లేకుంటే నలుగుట్ల ఏం మొఖం పెట్టుకోని వాయినమిస్తనే? ఒక్క పూటకు ఏమైతది? నేను చూసుకుంట గద" అన్న. అవ్, నేనే అన్న.

చూసుకున్న గుడ. పొద్దుగాలనే లేచి, పిలగాడు లేవకముందే నువ్వులు, కొబ్బరి, పల్లీలు ఒకదాని వెనుక ఒకటి వేయించి పట్టి పెట్టిన. వాని ఉగ్గుపిండి డబ్బా అడుగంటితే ఆ పనిల పనిగ బియ్యం, పెసరపప్పు గుడ వేయించి పట్టేసిన. సత్తు డబ్బాలు ఎత్తుకు అటక మీద పెట్టిన. వంటిల్లంత తుడిచి, మోచేతుల దాక సబ్బుతోని కడుక్కోని, అప్పుడు పిలగాన్ని ముట్టుకున్న. నా అంత జాగ్రత్త మనిషి వరంగల్ జిల్లాల లేదనుకున్న.

సాయంత్రం నాలుగైంది. నేను గునుగుపూలు, తంగేడుపూలు పేర్చుడు అయిపోగొట్టి మీద గౌరమ్మను పెడుతున్న. మేమింక తీసుకపోకముందే సత్తు రుచి చూస్తనని అత్తమ్మ అంటే, ఆకుల జరంత పెట్టి నేనే ఇచ్చిన. మా బిడ్డ పిలగానికి ఉగ్గు తినిపించి, పట్టుచీర కట్టుకునేటందుకని వాన్ని ముత్తవ్వ ఒడిల కూసోపెట్టి లోపలికి పోయింది. పది నిమిషాలు గుడ కాలే. "ఏందే, పిలగాడు ఎట్లనో చేస్తాండు" అన్నది అత్తమ్మ. పోయి చూస్తే పెదవులు ఉబ్బి, మెడంత దద్దులు లేచి, ఏడ్వబోతే గొంతు గురగురమంటాంది. అత్తమ్మ వేళ్లకు చూస్తే సత్తు. నా కండ్లకు ఇంకేం కనపడలే. "పెట్టినవా? పెట్టొద్దని నూరుసార్లు చెప్పిన్నా లేదా? చంపుకుంటవా పిలగాన్ని, ముసల్దానా!" అని అరిచిన. బతుకమ్మలెత్తుకోని పోయేటోళ్లు గేటు కాడ ఆగి చూస్తాన్రు. ఆమె "లేదే, లేదే, నేను పెట్టలేదే" అనుకుంట చేతులు రెండు చాపి నాకు చూపిస్తాంది. ఆ చేతులకు ఉన్నది గద సత్తు! "పాపిష్టి చేతులు, చూపియ్యకు నాకు" అన్న. అంత మాటన్న.

ఆటో ఎక్కినం. రోడ్డు నిండ బతుకమ్మలే, మైకులే, డీజేలే. బండి కదలది. మా బిడ్డ పిలగాన్ని భుజాన వేసుకోని "ఊపిరి తీస్కో నాన్నా, తీస్కో" అని వీపు రాస్తాంది. ఆటో అతను దిగి, "పిలగానికి బాగలేదు తల్లీ, జర జరుగుర్రి" అని మొత్తుకుంట ముందట నడిస్తే, నెత్తి మీద బతుకమ్మలతోని ఆడోళ్లు రెండు దిక్కుల జరిగి తొవ్వ ఇచ్చిన్రు. దవాఖానల తొడకు సూది వేసిన్రు, ఆక్సిజన్ పెట్టిన్రు. గంటకు వాడు మామూలుగ ఏడ్చిండు. పది నెలల నుంచి వద్దు దేవుడా అని మొక్కిన ఆ ఏడుపు వినంగనే గోడకు ఒరిగి నేను గుడ ఏడ్చిన.

డాక్టరమ్మ వచ్చి "ఏం పెట్టారు?" అని అడిగింది. "మా అత్తమ్మ పల్లి సత్తు పెట్టింది మేడం" అని చెప్పిన. "పెట్టంగ చూశారా?" అన్నది. చూడలే. "దానికంటే ముందు ఏం తిన్నాడు?" ఉగ్గు తిన్నడని మా బిడ్డ చెప్పింది. బియ్యం, పెసరపప్పు, ఇంకేం లేదు, పొద్దుగాలనే పట్టిన కొత్త పిండి. "దేంట్లో పట్టారు?" మిక్సీల పట్టినం. "ఆ గిన్నెలో అంతకుముందు ఏం పట్టారు?" పల్లీలు. "మధ్యలో కడిగారా?"

కడగలే ఆ గిన్నె. పొడి పట్టేటప్పుడు తడి తగిలితే పిండి ముద్దయితదని మేమెవ్వరం కడగం. గుడ్డతోని తుడిచి ఇంకోటి పడతం. మా అమ్మ అట్లనే చేసింది, నేను అట్లనే చేసిన. వానికి చెంచా వేరే పెట్టిన, గిలాస వేరే పెట్టిన, ఎవ్వరి ఎంగిలి వానికి తగలనియ్యలే. మా ఇండ్లల్ల ఎంగిలంటే నోరు తగిలింది. మిక్సీ గిన్నెకు ఎవరి నోరు తగిలిందని అది ఎంగిలైతది? అదే నా తెలివి. మా బిడ్డ నా మొఖం చూసి తల దించుకున్నది. తిట్టినా బాగుండు.

తెల్లారి పిలగాన్ని ఇంటికి తెచ్చినం. బతుకమ్మ ఎక్కడ పెట్టింది అక్కన్నే వాడిపోయి ఉన్నది. అత్తమ్మ నిన్న కూసున్న జాగల్నే కూసున్నది. రాత్రి బువ్వ ముట్టలేదని, ఒక్క తీరుగ చేతులు కడుక్కుంటనే ఉన్నదని మా ఇంటాయన చెప్పిండు. నన్ను చూడంగనే లేవబోయి, "బతికిండా?" అన్నది. బతికిండన్న. "పెట్టిన్నేమోనే కోడలా. రాత్రంత యాది చేస్కున్న. పెట్టినట్టే అనిపిస్తాంది. నాకు తెలుస్తలేదు బిడ్డా, పెట్టిన్నేమో" అన్నది. నేను ఆమె కాళ్ల కాడ కూలవడ్డ. "నువ్వు పెట్టలే అత్తమ్మా, నేనే. నా చేతులతోని నేనే పట్టి పెట్టిన" అని మిక్సీ గిన్నె సంగతంత చెప్పిన. ఆమె విని, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "గట్లనా, ఏం కాదులే, ఏడ్వకు" అన్నది. నా పానం జర కుదుట పడ్డది.

పగటీలి బువ్వ కాడ మల్ల అడిగింది. "పిలగానికి నేను పెట్టకపోతిని గదనే?" మల్ల చెప్పిన. మాపటికి మల్ల అడిగింది. అప్పటినుంచి అదే వరుస. ఇంట్ల పల్లీ గింజ లేకుంట చేసిన, మిక్సీ కొత్తది కొన్న, నలుగుట్ల నిలవడి తప్పు నాదని చెప్పుకున్న. గని పిలగాడు పాకుకుంట దగ్గరికొస్తే చాలు, ఆమె రెండు చేతులు కొంగుల దాచుకునేది. మల్లెన్నడు వాన్ని ఎత్తుకోలే. వాడు దాన్ని ఆటనుకున్నడు. నడక వచ్చినంక ఆమె ముందట నిలవడి, తన చేతులు గుడ వీపు వెనుక దాచుకోని కిలకిల నవ్వేటోడు. మొన్న బస్సుల వాడు దాచుకున్నది గట్లనే.

పోయినేడు వానకాలంల ఆమె పోయింది. కాలం గడిస్తే అన్నీ మరుపుకొస్తయంటరు. ఎవరన్నరో గని వాళ్లు మా అత్తమ్మను చూడలే. చాయ తాగింది మరిచింది, కన్నకొడుకు పేరు మరిచింది, నేను రోజు చెప్పిన నిజం పూటపూటకు మరిచింది. కోపానికి నేను ఒక్కసారి అన్న మాట మాత్రం పోయేదాక యాదిపెట్టుకున్నది.