నీ చెయ్యే నిదానం

చాలా ఏళ్ల కిందట ఒక మాట అన్నాను. మూడు ముక్కల మాట. దాన్ని మోసుకుంటూనే ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, కొండకు పోయి గుండు కొట్టించుకుని వచ్చాను. బరువు దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు అనంతపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. అన్నీ లినక్సు మిషన్లే. ఖాళీగా ఉన్న కంప్యూటర్లను ఇంటర్నెట్టు ద్వారా సైంటిస్టుల లెక్కలకు ఇచ్చే పద్ధతి ఒకటుంది. మేం చేసేవి కొత్త మందులు వెతికే లెక్కలు. ఎవరు ఎక్కువ చేస్తే వాళ్ల పేరు జాబితాలో పైకి పోతుంది. మా ఊరి పేరుతో ఒక జట్టు పెట్టాను. కరువు తప్ప మాకు ఏం పేరుంది? ఇందులోనైనా పైకి రావాలని పంతం. కాలేజీకి చెప్పలేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మిషన్లు వాళ్లవి, పుణ్యం నాది.

లినక్సులో ప్రతి ప్రోగ్రాముకూ నైస్ అని ఒక అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే ఆ ప్రోగ్రాముకు మర్యాద ఎక్కువ. బస్సులో ముసలమ్మ ఎక్కగానే లేచి నిలబడే కుర్రాడిలా మిగతా పనులకు చోటిస్తుంది. ఈ దానం లెక్కలకు మామూలుగా పెద్ద అంకె, పంతొమ్మిది, పెడతారు. వేగం కోసం నేను దాన్ని సున్నా కిందికి దించాను. ఇక అది ఎవరికీ సీటు వదలదు.

ఒకరోజు మా ల్యాబులో ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగానికి టైపింగు పరీక్ష పెట్టారు. అన్ని మిషన్లలోనూ లెక్కలు ఆపేశాను, మూలనున్న ఒక్కదాంట్లో తప్ప. అది ఎవరికీ ఇవ్వరులే అనుకున్నాను. మడకశిర వైపు గొర్రెల కాపరుల ఇంటి పిల్ల ఒకామె వచ్చింది. పేరు రాయను. ఆమె మొదట కూర్చున్న మిషను కీబోర్డు పనిచేయలేదు. మూలకు పంపింది నేనే.

కాసేపటికి చెయ్యెత్తింది. "సార్, నేను కొట్టిన అక్షరాలు యాడికో పోయి నిమ్మళంగా వస్తాండాయి."

"మిషను బాగానే ఉండాది. నీ చెయ్యే నిదానం."

"అట్లనా సార్," అని తన వేళ్ల వైపు చూసుకుంది.

ఆ అంకె మార్చడానికి ఒక్క వరుస టైపు చేస్తే చాలు. లెక్క ఆగేది కూడా కాదు, కొంచెం నెమ్మదించేది. ఎందుకు చేయలేదు? పక్కన కంపెనీ మనిషి నిలబడి ఉన్నాడు, దొరికిపోతానని భయం. భయం ఒక్కటేనా? కాదు. ఆ వారం మా జట్టు జాబితాలో పైకి పోతోంది, ఒక పిల్ల బతుకు కన్నా నాకు అది ముద్దయింది. ఈ వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఆమెకు ఉద్యోగం రాలేదు.

పోయిన వారం కదిరిలో పూలు కొనడానికి ఆగాను. మల్లెలు కడుతున్నది ఆమే. వేళ్లు ఎంత చురుగ్గా ఆడుతున్నాయంటే ముడి ఎప్పుడు పడుతోందో నా కంటికి ఆనలేదు. పక్కన ఆమె కూతురు కంప్యూటర్ కోర్సులో చేరతానని మారాం చేస్తోంది. ఆమె నన్ను గుర్తుపట్టి నవ్వింది. పిల్లతో అంది: "వద్దు పాపా, మన చేతులు నిదానం. ఇదో, ఈ సారే చెప్పినాడు నాకు. మొగం మీదే నిజం చెప్పే మనిషి."

నేను పూలు తీసుకుని వచ్చేశాను.

ఇప్పటికీ మా ఇంట్లో కంప్యూటరు ఆ లెక్కలు చేస్తూనే ఉంది, పంతొమ్మిది మీద. దాంతో పాపం తీరిందని అనుకోవడం లేదు. ఆమె క్షమిస్తుందా, పూలబుట్ట నా నెత్తిన బోర్లిస్తుందా, అది ఆమె ఇష్టం. రేపు పొద్దున బస్సుకే కదిరికి పోతున్నాను. చెప్పాల్సింది ఆమె ఒక్కదానికే కాదు, ఆ పాపకు కూడా వినపడాలి. ముందు ఇక్కడ రాస్తే నోరు తిరుగుతుందని రాస్తున్నాను.

మీ అమ్మ చెయ్యి నిదానం కాదు పాపా. నేను అబద్ధం చెప్పినాను.