పల్లకి చెక్కిన మూడు నెలలు

సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలో పెద్ద రోడ్డు వదిలి లోపలి గల్లీలోకి మళ్లితే, స్కూటర్లు బాగుచేసే షెడ్డుకూ యూనిఫారాలు కుట్టే దర్జీ కొట్టుకూ నడుమ బ్రహ్మచారి అనే ఆయన వడ్రంగం షెడ్డు కనిపిస్తుంది. ద్వారబంధాలకూ పూజామందిరాలకూ మారేడ్‌పల్లి నుంచీ మల్కాజ్‌గిరి నుంచీ మనుషులు వెతుక్కుంటూ అక్కడికే వస్తారు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ. అడిగినదానికి సగం నోటితో చెప్పి మిగతా సగం చేత్తో చూపిస్తాడు.

ఒక్కగానొక్క కూతురు స్వర్ణలతకు చెక్కపని అబ్బలేదు గానీ, స్క్రూడ్రైవర్ మాత్రం చిన్నప్పుడే చేతికంటుకుంది. సికింద్రాబాద్‌లో సీసీ కెమెరాలు బిగించే ఒక చిన్న కంపెనీలో పని చేస్తోంది. షెడ్డు వెనక పేర్చిన టేకు పలకలు రెండుసార్లు మాయమయ్యాక, తండ్రి వద్దంటున్నా తనే నిచ్చెనెక్కి నాలుగు కెమెరాలు పెట్టింది. వాటిలో ఒకటి సరిగ్గా అటక మూలన, బ్రహ్మచారి కూర్చుని పనిచేసే చోటును పై నుంచి చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మలన్నీ దాచే డీవీఆర్ డబ్బా గోడ అల్మరాలో ఉంటుంది. బ్రహ్మచారి దాని వంక చూసిన పాపాన పోలేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో ఆ డబ్బా ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. ఆదివారం స్వర్ణలత వచ్చి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. లోపల టక్ టక్ మని చప్పుడు.

"డిస్కు పోయింది బాపూ. కొత్తది ఎయ్యాలె."

"తీసి పారెయ్ బిడ్డా. దాంతోని ఏం పని?"

ఆమె వినిపించుకోలేదు. ప్లగ్గు పీకి, డబ్బాను తండ్రి పని బల్ల మీదే పెట్టి మూత తీసింది. లోపలి రెండు వైర్లు ఊడదీసి, అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పి పాత డిస్కును బయటికి తీసింది. సంచిలోంచి కొత్తది తీసి ఆ చోటులో కూర్చోబెట్టింది.

బ్రహ్మచారి పక్కనుంచి తొంగి చూశాడు. "రెండూ ఒక్కతీరే ఉన్నయి గదనే?"

"పైకి అంతే. పాతదాంట్ల వారం రోజులే పట్టేది. నిండంగనే ఎనకటిది చెరిపి దాని మీదనే రాస్తుండె. గిదాంట్ల మూడు నెలలు పడ్తది. గీ డబ్బాకు గింత పెద్దది సెట్ అయితదా లేదా అని ముందే చూసిన."

వైర్లు కలిపి, డబ్బాను మళ్లీ అల్మరాలో ఉంచి ప్లగ్గు పెట్టగానే పక్కనున్న చిన్న టీవీ తెర మీద కొత్త డిస్కును శుభ్రం చేయమంటారా అని ప్రశ్న వచ్చింది. ఆమె అవునని నొక్కి, తేదీ సరిచేసి, రికార్డు మొదలైందని చూసుకుని చేతులు దులుపుకుంది. పని అక్కడికి అయిపోయింది. కానీ బ్రహ్మచారి చేతిలో పాత డిస్కు ఉంది.

"దీని లోపల ఏముంటది?"

చచ్చిన డిస్కే కదా అని స్వర్ణలత దాన్ని విప్పి చూపించింది. మూత లేవగానే లోపల గుండ్రటి పళ్లెం ధగధగా మెరిసింది. దాని మీదికి వంగి ఒక సన్నని చెయ్యి. బ్రహ్మచారి తన అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. అయినా ముట్టుకోలేదు.

"గీ ముల్లు రాస్తదా దీని మీద?"

"ముట్టకుంటనే రాస్తది బాపూ. పళ్లెం గిర్రున తిరుగుతుంటది, గిది మీద తేల్తది. నడుమ సందు ఎంతో తెల్సా? ఒక ఎంటికను వేల పోగులు చీలిస్తే ఒక పోగంత."

బ్రహ్మచారి డిస్కును వెలుగుకేసి తిప్పి పట్టుకున్నాడు. చెక్కకూ చెక్కకూ నడుమ కాగితం దూరకుండా అతికించడమే జీవితమంతా చేసిన పని. అంతకు మించిన సన్నదనం ఒకటి ఉంటుందని అతనికి తట్టనే లేదు. ఆ మధ్యాహ్నం రంపం పట్టలేదు. పళ్లెం అంచు మీద వేలితో తోసి తిప్పుతూ, ఆగేదాకా చూస్తూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు. భోజనానికి పిలవడానికి వచ్చిన భార్య విమలమ్మతో, "మనుషులే చేసిన్రంట" అని మెల్లిగా అన్నాడు, గుడిలో మాట్లాడినట్టు.

ఆ వారంలోనే మల్కాజ్‌గిరిలోని ఒక కాలనీ గుడివాళ్లు దేవుడికి పల్లకి చేయించాలని వచ్చారు. మంచి టేకు దుంగ తెప్పించి బ్రహ్మచారి పని షురూ చేశాడు. ఎండలు పోయి వానలు పడ్డాయి. పల్లకి మోసే కొమ్ములకు హంసలు, పక్కలకు తీగలు, పీఠానికి తామర రేకులు ఒక్కొక్కటే తేలాయి. కెమెరా సంగతి ఎవరికీ గుర్తులేదు.

పల్లకి పూర్తయిన రోజు స్వర్ణలత సెలవు పెట్టి చూడటానికి వచ్చింది. చుట్టూ తిరిగి చూసి, ఏదో తట్టినట్టు అల్మరా తెరిచింది.

"బాపూ, ఇటు కూసో. అమ్మా, నువ్వు సుత రా."

దుంగ వచ్చిన రోజుకు వెనక్కి వెళ్లి, అటక మూల కెమెరా తీసిన బొమ్మను జోరుగా నడిపించింది. తెర మీద దుంగ రెండయింది, పలకలయింది. పొట్టు గుట్టలుగా లేచి మాయమైంది. పొద్దు గోడ మీద ఎక్కి దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఆ వెలుగుల కింద కట్టెలోంచి మెడ ఒకటి సాగింది, ముక్కు తేలింది, రెక్క విచ్చుకుంది. ఎవరూ చెక్కినట్టు లేదు, మొక్క మొలిచినట్టే ఉంది.

"అమ్మో!" అని విమలమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

హంస కన్ను చెక్కే చోట స్వర్ణలత జోరు తగ్గించి మామూలుగా నడిపించింది. పై నుంచి బ్రహ్మచారి వీపు, చేతులు కనిపిస్తున్నాయి. ఎడమ భుజం కొంచెం పైకి లేచి ఉంది. ఉలి ఆనించే ముందు అరచెయ్యి చెక్క మీద పరిచాడు, ఆవు డొక్కను నిమిరినట్టు. తర్వాత తల పక్కకు వంచి పొట్టు ఊదాడు.

"ఆపు" అన్నాడు బ్రహ్మచారి. ముందుకు వంగాడు. "మల్ల ఎయ్."

ఆమె మళ్లీ వేసింది. అరచెయ్యి, ఉలి, వంగిన తల.

"నాయిన" అన్నాడు.

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నువ్వే గదయ్యా అది!" అంది విమలమ్మ.

"నేనే. నాయిన సుత."

అతనికి పన్నెండేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఒక్క ఫొటో కూడా లేదు. ఆయన చెక్కపని చేస్తుంటే పిల్లవాడు పేర్చిన దుంగల మీదికెక్కి, బెల్లంముక్క చప్పరిస్తూ పై నుంచి చూసేవాడు. రోజూ చూసింది ఆ వీపునే. ముఖం ఎప్పుడో చెరిగిపోయింది. పని మాత్రం తర్వాత వేరే ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాడు. ఆ ఉస్తాదు భుజం లేవదు, పొట్టు ఊదడు, గుడ్డతో తుడుస్తాడు.

"గిట్ల కూసునుడు, గిట్ల ఊదుడు నాకెవ్వరు నేర్పిన్రు?" బ్రహ్మచారి తన రెండు చేతులూ ముందు పెట్టుకుని, వేరేవాళ్లవి చూస్తున్నట్టు చూశాడు. "నేను చేస్తున్నట్టు సుత నాకు ఎరుక లేదు. గిన్నేండ్ల సంది ఆయన ఈడనే కూసున్నడు బిడ్డా. నేనే చూడలే."

స్వర్ణలత రోజుకు పది ఇళ్లలో పది తెరలు చూసే పిల్ల. తెరలో దొంగ కోసం వెతికేవాళ్లనూ, పారేసుకున్న తాళాల కోసం వెతికేవాళ్లనూ చూసింది. తనే బిగించిన ఆ డిస్కులో, తను పుట్టకముందే పోయిన తాత తలవంచి ఊదడం మాత్రం ఇదే మొదటిసారి చూస్తోంది.

విమలమ్మ తెర దగ్గరికి జరిగింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిందే గానీ ఆ మనిషిని ఆమె ఏనాడూ చూసింది లేదు.

"మామ గిట్లుంటుండెనా?" అని అడిగింది.

బ్రహ్మచారి తలూపాడు.

విమలమ్మ తెర నుంచి కళ్లు తిప్పకుండానే కొంగు తల మీదికి లాక్కుని, ఒక అడుగు పక్కకు జరిగి గోడవారగా నిలబడింది.