ఒకదాని మీద ఒకటి కూర్చున్న మూడు గీతలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మిరప కోతల కాలంలో, నన్ను జూలూరుపాడు అవతలి అడవి అంచు ఊళ్లకు పంపారు. అక్కడ నేను చేసిన తప్పు ముందే చెబుతాను. కుడి ఊపిరితిత్తికి గాలి సరిగా అందని నాలుగేళ్ల పిల్ల పేరు పక్కన ‘సహకరించలేదు’ అని రాసి సంతకం పెట్టాను.

అప్పుడు నేను ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే సీనియర్ టెక్నీషియన్‌ని. జబ్బుపడ్డ పిల్లల కొలతలు పోల్చి చూడాలంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల కొలతలు చేతిలో ఉండాలి. అందుకని మూడు నుంచి ఐదేళ్ల పిల్లల చేత గొట్టంలోకి ఊదించేవాళ్లం. ఊదితే కంప్యూటర్ తెర మీద కొవ్వొత్తులు ఆరిపోతాయి, పక్కనే ఒక గీత పడుతుంది. ఆ వయసు వాళ్లు ఆట అంటేనే ఊదుతారు.

ఆ పూట అంగన్‌వాడీలో ఇరవై రెండో పిల్ల స్నేహ. మూడుసార్లు ఊదినా ఒక్క కొవ్వొత్తే ఆరింది. “గీ కొవ్వొత్తులు మొండియి సారూ” అంది. అందరం నవ్వాం. వెంట వచ్చిన నాయనమ్మ నాగమ్మ నవ్వలేదు.

“పది దినాల కింద పల్లీలు తినుకుంట ఎగిరింది సారూ. పొలమారి కండ్లు తేలేసింది. గప్పటిసంది ఉరికితే ఆయాసపడ్తున్నది.”

నా ఫారంలో ఉన్నవి జలుబు, దగ్గు, జ్వరం మాత్రమే. “అదంతా కాదమ్మా, ఇప్పుడు దగ్గుతోందా లేదా?” అన్నాను.

“గప్పుడు దగ్గింది. ఇప్పుడైతే లేదు.”

‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాను. వరుసలో ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. బయట జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

సాయంత్రం ఖమ్మంలో లెక్కలు ఎక్కిస్తుంటే స్నేహ గీతలు మూడూ ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చున్నాయి. మొరాయించే పిల్లలకు ప్రతిసారీ వేరే గీత వస్తుంది. మూడూ ఒకేలా వచ్చాయంటే ఆ పిల్ల తన శక్తికొద్దీ ఊదిందని అర్థం. జూనియర్లకు ఈ పాఠం చెప్పేవాణ్ని నేనే. పల్లీ ముక్క శ్వాసనాళంలో ఉండిపోయిందని అనుమానం వచ్చింది. అది కదిలి పూర్తిగా అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ క్షణమే మా ఆసుపత్రి డాక్టరుగారికి ఫోన్ చేయాల్సింది. తప్పు ఒప్పుకోవడానికి ముఖం చెల్లక తెల్లవారేదాకా ఆగాను. ఇది మొదటిదానికన్నా పెద్ద తప్పు.

పొద్దున డాక్టరుగారు కేకలేయలేదు. “ముందు పిల్లను తీసుకురండి” అన్నారంతే. అంగన్‌వాడీ టీచరు ఫోను కలవలేదు. జీపులో ఊరికి వెళ్లేసరికి వాళ్ల ఇంటికి తాళం. అందరూ మిరప చేలో ఉన్నారన్నారు. స్నేహ గట్టు మీద ఒంగి కూర్చుని ఉంది. ఊపిరి వదిలినప్పుడల్లా పిల్లికూత వినిపిస్తోంది. స్టెతస్కోపు పెడితే ఎడమవైపు గాలి ఆడుతోంది, కుడివైపు దాదాపు ఏమీ లేదు.

నాగమ్మ కొంగులోని కాయలు కుప్పలో పోసి వచ్చింది. “నిన్న చెప్తే ఇనకపోతివి. ఇయ్యాల గింత జల్దీ ఏంది సారూ?”

“నిన్న నువ్వు సరిగానే చెప్పావమ్మా. నేనే వినలేదు. పల్లీ ముక్క లోపలే ఉన్నట్టుంది, తీయించాలి. ఏమీ తినిపించొద్దు, ఏడవనివ్వొద్దు.”

ఆమె పిల్లను ఎత్తుకుని జీపెక్కింది. ప్రతి గుంత దగ్గరా నేను వెనక్కి తిరిగి ఆ ఛాతీ కదులుతోందో లేదో చూశాను. ఖమ్మంలో ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. అక్కడ సన్నని గొట్టం దించి పల్లీ బద్ద తీశారు. పిల్ల కోలుకుంది.

కొలత తక్కువ వస్తే పిల్లను తప్పుపట్టేముందు కొలిచినవాడు తన పని చూసుకోవాలి. నేను నేర్చుకున్నది అదే. ఫారంలో ‘సహకరించలేదు’ కొట్టేసి, జరిగింది రాసి డాక్టరుగారికి ఇచ్చాను. పాత ఫారాలు తీస్తే అదే మాట ఇంకో పదకొండు మందికి రాసి ఉన్నాను. సెలవు పెట్టి, కారేపల్లి నుంచి మణుగూరు దాకా ఊరూరూ తిరిగి, ఇంట్లోవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఆ పిల్లలందరి చేతా మళ్లీ ఊదించాను. తొమ్మిది మంది నిజంగానే మొరాయించినవాళ్లు. మిగతా ఇద్దరినీ నేనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను.