మా ఇంట్లో గుండె జబ్బు నాది

నాలుగేళ్ల కింద కరీంనగర్ దవాఖానలో నా గుండెకు స్టెంట్ వేసి పంపేటప్పుడు డాక్టర్ ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఉప్పు తగ్గించు, బీడీ మానెయ్యి, రోజూ నడువు అని రాసి, అన్నిటికన్నా కింద రోజుకు గుప్పెడు గింజలు తినమని రాశాడు. బాదం, అక్రోట్, పల్లీలు, ఏవైనా సరే, ఉప్పు వెయ్యనివి, నూనెలో వేయించనివి. పైన రాసినవన్నీ చదివి నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో పనిచేసినవాణ్ణి బీడీ మానమంటే ఎట్లా అని దారి పొడుగునా గొణుక్కున్నాను. గింజల మాట ఒక్కటే నచ్చింది. ఆ కాగితం మొత్తంలో తినమని చెప్పిన మాట అదొక్కటే.

మా ఊరు బెల్లంపల్లికి వచ్చిన మర్నాటి నుంచే మా ఇంట్లో ఆ తతంగం మొదలైంది. ఆదిలాబాద్‌లో ఉండే మా బిడ్డ నెలనెలా బాదం, అక్రోట్ పంపేది. మా ఇంటామె పడుకునే ముందు బాదం నానబెట్టి, పొద్దున్నే పొయ్యి ముట్టించకముందే కూర్చుని ఒక్కొక్కదాని తోలు తీసేది. తోలు తియ్యమని డాక్టర్ ఏమీ చెప్పలేదు. గొంతులో గీరుకుంటుందని నేనే చెప్పాను. తెల్లగా వలిచిన గింజలు చిన్న స్టీలు గిన్నెలో వేసి, పైన రెండు అక్రోట్ పలుకులు పెట్టి నాకు తెచ్చి ఇచ్చేది. నేను గడప ముందర కుర్చీ వేసుకుని, దారిన పోయే ప్రతివాడికీ గుండె గురించి పాఠం చెబుతూ నమిలేవాణ్ణి. ఏ గింజ ఎందుకు మంచిదో, ఎన్ని తినాలో, ఎట్లా తినాలో నాకు తెలిసినంత ఆ డాక్టర్‌కు కూడా తెలియదన్నట్టు మాట్లాడేవాణ్ణి.

నువ్వు తిన్నావా అని మాత్రం ఆమెను అడగలేదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచి ఊరుకున్నానంటే అది వేరే సంగతి, అసలు తోచనే లేదు.

కిందటేడు మా అక్క కొడుకు మస్కట్ నుంచి వస్తూ ఉప్పు పిస్తా డబ్బా తెచ్చాడు. చుట్టాలు నలుగురు ఇంట్లో ఉన్నారు. నేను డబ్బా తిప్పి చూసి, ఉప్పుది నాకు పనికిరాదని గొప్పగా పక్కన పెట్టాను. ఆ పక్కనే మా ఇంటామె నా బాదం వలుస్తూ రెండు గింజలు చేతిలోకి తీసుకుంది. ఒకటి నోట్లో వేసుకోవడం నా కంటపడింది.

"ఏందే, గుండె జబ్బు నాకా, నీకా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నోట్లోది నమిలి మింగి, చేతిలో ఉన్న రెండోదాన్ని మళ్లీ గిన్నెలో వేసింది. ఆ గింజను కూడా నేనే తిన్నాను.

ఈ వానాకాలంలో ఒకరోజు ఆమె దవడ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "దవడ సలుపుతుంది, ఎడమ జబ్బ గుంజుతుంది, ఎందుకయితుందో," అన్నది. నేను పేపర్ దించకుండానే, పన్ను పుచ్చి ఉంటుంది, లవంగం పెట్టుకోమన్నాను. నాలుగు రోజులకు మళ్లీ చెప్పింది. ఈసారి మెట్లు ఎక్కితే దమ్ము వస్తున్నదని కూడా చెప్పింది. అప్పుడు నా అనుభవమంతా బయటికి తీశాను.

"గుండె నొప్పి ఎట్లుంటదో నాకు ఎర్కలేదా? రొమ్ము మీద బండ పెట్టినట్టుంటది. నీది గ్యాస్. నా గ్యాస్ గోలి ఒకటి ఏస్కో," అన్నాను.

వేసుకుంది. తగ్గిందా అని నేను అడగలేదు, తగ్గలేదని ఆమె చెప్పలేదు. మూడోసారి చెప్పినప్పుడు మాత్రం నాకు కోపం వచ్చింది. "నన్ను చూసి నీకు గూడ రోగం కావాల్నా?" అని అరిచాను. ఆ తర్వాత ఇక చెప్పడం మానేసింది. మా ఇంట్లో గుండె జబ్బు నాది, ఇంకొకరికి అందులో వాటా ఎట్లా వస్తుందన్న మూర్ఖత్వం తప్ప ఆ కోపానికి వేరే అర్థం లేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటిసారి చెప్పిన పదకొండో రోజు పొద్దున గిన్నెలు తోముతూ తోముతూ అక్కడే కూలబడింది. జాకెట్ అంతా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చెయ్యి పైకి లేవడం లేదు. అప్పుడు నాకు భయం పుట్టింది. ఆటోలో మా ఊరి దవాఖానకు, అక్కడ ఈసీజీ తీసి చూడగానే అంబులెన్స్‌లో కరీంనగర్‌కు తీసుకుపోయాం. నాకు స్టెంట్ వేసిన డాక్టరే వచ్చాడు. నొప్పి ఎప్పటి నుంచని అడిగాడు. స్ట్రెచర్ మీద ఆమె నా వైపు చూడలేదు.

"ఇయ్యాల పొద్దుగాల్నే సార్," అన్నది.

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

స్టెంట్ వేశారు, బతికింది. సాయంత్రానికి మా బిడ్డ ఆదిలాబాద్ నుంచి వచ్చి, వరండాలో నిలబడి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. "బాపు ఎంటనే తీస్కరావట్టి అవ్వ బతికింది," అని ప్రతివాళ్లకూ చెప్పింది. నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను ఆ చాయ్ తాగాను.

ఇంటికి వచ్చాక బాదం పని నేను ఎత్తుకున్నాను. ఇద్దరికీ నానబెట్టి, నేనే వలిచి, ఆమె గిన్నెలో నాకన్నా ఎక్కువ వేసేవాణ్ణి. "గిన్ని నాతోని కాదు, నాకు పల్లీలు చాలు," అనేది. నేను వినకుండా పక్కన కూర్చుని తినిపించేవాణ్ణి. ఎవరు చూడ్డానికి వచ్చినా, నాలుగేళ్లు నేనొక్కణ్ణే తిన్నాను, ఆమెకు పెట్టలేదు, తప్పంతా నాదే అని చెప్పుకునేవాణ్ణి. ఎంత మంచివాడివని వాళ్లు నన్నే ఓదార్చి పోయేవాళ్లు. బాదం తప్పు చెప్పుకోవడానికి బాగుండేది. దానికి మందు బజారులో దొరుకుతుంది. ఆ పదకొండు రోజుల మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నెల తర్వాత చూపించడానికి పోయినప్పుడు డాక్టర్ దగ్గర కూడా అదే పాట మొదలుపెట్టాను. "సార్, నేను రోజు బాదం తిన్న, ఆమెకు పెట్టలే. అందుకే వచ్చిందా?"

ఆయన నా ముఖం చూశాడు. "గింజలు మంచియే, తినుండ్రి. కానీ గవి తినకపోతేనే వచ్చిందని ఎవరు చెప్పిండ్రు? ఆమెకు బీపీ ఉంది, షుగర్ ఉంది. ఎన్నేండ్ల నుంచి ఉన్నయో ఎవ్వలకు తెల్వది. ఆర్నెల్లకోసారి నువ్వు వచ్చినప్పుడల్లా నీ ఫైలు పట్టుకొని గీ కుర్చీలనే కూసున్నది గదా. ఒక్కనాడన్న ఆమెను చూపిచ్చినవా?"

ఆయన స్కాన్ కాగితం తిరగేసి, గుండె కండ కొంత దెబ్బతిన్నదని, జాగ్రత్తగా ఉండాలని ఆమెకు చెప్పాడు. "నిజం చెప్పమ్మా, నొప్పి అంతకుముందు ఎప్పుడు రాలేదా?"

"లేదు సార్, గా పొద్దుగాల్నే," అన్నది మళ్లీ.

"కాదు సార్," అన్నాను. "పదకొండు రోజుల ముందటి నుంచి ఉన్నది. మూడుసార్లు చెప్పింది. గ్యాస్ అని నేనే ఊకోబెట్టిన."

ఆమె నా వైపు కోపంగా చూసింది. డాక్టర్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, ఇక నేను ఆ గదిలో లేనట్టే మాట్లాడాడు. "అమ్మా, ఇగ నుంచి జర నొప్పి అనిపిచ్చినా ఆయనకు చెప్పి ఊకోకు. ఆయన ఏమన్నా ఇనకు. ఎవలనన్న తోలుకొని దవాఖానకు పో."

ఆమె బడిపిల్లలా తల ఊపింది. బస్సులో మంచిర్యాల దాకా నాతో మాట్లాడలేదు. అక్కడ బస్సు మారేటప్పుడు, "పిల్లకు మాత్రం చెప్పకు, నిన్ను తిడుతది," అన్నది. ఆ మాటతో నేను ఇంకా చచ్చిపోయాను.

ఇల్లు చేరాక కాళ్లు కడుక్కుని, ఇన్ని మంచినీళ్లు తాగి, పక్కింటికి పోయింది. పక్కింటామె బట్టలు కుడుతుంది, మా ఇంటామె ఆమెను ఆపా అని పిలుస్తుంది. రెండిళ్లకు మధ్య రొమ్ము ఎత్తు గోడ. నేను ఇవతల దండెం మీది బట్టలు తీస్తున్నాను. అవతల మిషన్ చప్పుడు ఆగింది.

"ఆపా, నాకు ఎప్పుడన్న నొప్పి లేస్తే నిన్ను పిలుస్త. జర నా ఎంబడి దవాఖానకు వస్తవా?"

"గట్లడుగుతవేంది అక్కా, ఎప్పుడు పిలిచినా వస్త. ఫికర్ జెయ్యకు. అయినా అన్న ఇంట్లనే ఉంటడు గదా?"



"ఉంటడు," అన్నది మా ఇంటామె. "ఉన్నా గని, నువ్వు రా."