మూడో పిలుపు

మా పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున సిద్దిపేట నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నూరేళ్లకు దగ్గరపడిన మనిషి, నిద్రలోనే పోయిందట. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే నాకు మనసు నిలిచేలా లేదు.

ఆమె మా బాపుకు వదిన. నన్ను కన్నది అమ్మ, పెంచింది పెద్దమ్మ. మా ఇల్లు చేన్ల మధ్య ఒంటరిగా ఉండేది. అన్నాలప్పుడు పిల్లల తలలు ఒక్కొక్కటీ తడిమి చూసుకునేది. అందరం ఉన్నామని చేతికి తెలిస్తేగానీ వడ్డించేది కాదు.

పంతొమ్మిది వందల నలభైల్లో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మా వైపు గత్తర, అదే కలరా, వచ్చింది. వాంతులతో, విరేచనాలతో పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. గత్తర తెలిసినవాళ్ల గొంతుతో వాకిట్లో నిలబడి పిలుస్తుందనీ, రెండుసార్లకు మించి పిలవజాలదనీ మా నాయనమ్మ నమ్మకం. మూడో పిలుపు వింటేనే తలుపు తీయాలి.

ఒకరోజు పెద్దమ్మ పెనిమిటి, మా పెదబాపు, జొన్నల కోసం నారాయణరావుపేట వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం, కోళ్లు కూడా చప్పుడు చేయని ఎండ. తలుపు బయట ఆయన గొంతు వినిపించింది.

“ఇగో, గడియ తియ్యి.”

పెద్దమ్మ లేచింది. నాయనమ్మ ఆమె కొంగు పట్టుకుంది. “ఆగు పిల్లా. మూడోసారి పిలువనియ్యి.”

“ఆయనే అత్తా. నేను గుర్తువట్టనా?”

“గుర్తువట్టే గొంతుతోనే పిలుస్తది.”

మళ్లీ వినిపించింది. ఈసారి మెల్లగా, అలసిపోయినట్టు. “తియ్యి.”

నాకప్పుడు ఐదారేళ్లు. పెద్దమ్మ కాళ్లను చుట్టుకుని ఉన్నాను. మూడో పిలుపు రాలేదు. చివరికి కొంగు విడిపించుకుని గడియ తీసింది.

వాకిట్లో ఎవరూ లేరు. కొత్తవాళ్ల మీదికి ఉరికే మా కుక్క గడప ముందు తోక ఊపుతూ, తలెత్తి, మనిషి ముఖం ఉండేంత ఎత్తున ఖాళీలోకి చూస్తోంది.

పొద్దు వాలుతుండగా బండి తోలే మనిషి ఒకడు వచ్చాడు. పెదబాపుకు నారాయణరావుపేటలోనే గత్తర తగిలిందనీ, పోయాడనీ చెప్పాడు. పెద్దమ్మ ఒక్కటే అడిగింది.

“ఎప్పుడు?”

“పొద్దు నెత్తిమీదికొచ్చినప్పుడమ్మా. ఇంటికి తోల్కపొమ్మని రెండుసార్లు అన్నడు. గంతే.”

నాయనమ్మ గోడకు చేరగిలబడిపోయింది. “నేనే ఆపితిని గదనే.”

“పిల్లల కోసం ఆపినవు అత్తా,” అంది పెద్దమ్మ. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నాయనమ్మ మంచాన పడితే చివరిదాకా తన చేత్తోనే గంజి తాగించింది.

కానీ ఆ రోజు నుంచి పగలు మా తలుపుకు గడియ పడలేదు. గత్తర ఇంకా తిరుగుతూనే ఉన్నా, ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేచేది. దారిన పడిపోయినవాళ్లను అరుగు మీద పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోసేది. భయం లేదా అని అడిగితే, “పిలిచినోళ్లను నిలవెట్టొద్దు బిడ్డా. మల్ల పిలిచే ఓపిక ఉంటదో లేదో,” అనేది.

పోయిన ఎండాకాలం చూడబోయాను. మధ్యాహ్నం చాప మీద కూర్చుని ఉంది, చూపు దాదాపు పోయింది. ఎదురుగా కూర్చున్న నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ, నా పక్కనున్న ఖాళీ వైపు, నిలబడ్డ మనిషి ముఖం ఉండేంత ఎత్తుకు తలెత్తింది.

“గీడ కూసో. ఎండల నడిచొచ్చినవు,” అంది మెల్లగా.

చాప అంచుకు జరిగి, ఒక మనిషి పట్టేంత జాగ ఇచ్చింది. అక్కడి దుమ్మును అరచేత్తో దులిపింది.