మూల నక్షత్రంలో నా సిజేరియన్

ఆ రోజు అశోక్ నగర్‌లోని రీడింగ్ రూమ్‌లో కూర్చుని చదువుకుంటున్నాను. ఎనిమిదో నెల నిండింది. కుడి పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా ఏదో ఒత్తుతోంది. చేత్తో నెడితే కాస్త జరిగి మళ్లీ అక్కడికే వస్తోంది. పక్క కుర్చీలో శైలజ ఉంది. హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్ల. "మోకాలేమో అక్కా. నీ బిడ్డ నీ లెక్కనే, కుదురుగ ఉండది" అని నవ్వింది. అది మోకాలు కాదు, తల.

నారాయణగూడలో నేను చూపించుకునే హాస్పిటల్‌లో స్కానింగ్ తీశారు. "బ్రీచ్ ఉందమ్మా. తల పైకుంది, పిర్రలు కిందికున్నయి. ఇంకా తిరగొచ్చు. తిరగకుంటే సిజేరియన్ ప్లాన్ చేద్దాం" అంది డాక్టరమ్మ. తర్వాతి స్కాన్‌లోనూ తిరగలేదు. ఆపరేషన్ అంటే నాకు పెద్ద భయం కలగలేదు. విన్న ప్రతివాళ్లూ "అయ్యో, నార్మల్ కాదా?" అని మొహం పెడితే మాత్రం ఒళ్లు మండేది. ఏదో నేను ఒళ్లు వంచలేక కోయించుకుంటున్నట్టు!

మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆయన మహేందర్‌కు ఆసిఫాబాద్ వైపు బ్యాంకులో ఉద్యోగం. నేను చిక్కడపల్లిలో కిరాయి ఇంటి పైపోర్షన్‌లో ఒక్కదాన్నే ఉండి చదువుకునేదాన్ని. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. నాకు అమ్మ లేదు, నేను డిగ్రీలో ఉండగానే పోయింది. కాన్పుకు నేనొస్తానని మహబూబ్‌నగర్ నుంచి అత్తమ్మ మాటిచ్చింది.

ముప్పై తొమ్మిదో వారంలో ఏ రోజైనా పర్వాలేదని డాక్టరమ్మ అనడమే ఆలస్యం, అత్తమ్మ పంతులు దగ్గరికి వెళ్లి గురువారం పొద్దుటికి ముహూర్తం పెట్టించుకొచ్చింది. "ఆ టైమ్ ఖాళీగనే ఉంది, ఓకే" అని డాక్టరమ్మ నవ్వింది. ఇక అందరూ గురువారానికే సర్దుకున్నారు. మహేందర్ సెలవు బుధవారం నుంచి. అత్తమ్మ బస్సు బుధవారం. ఈ ముహూర్తం సంగతి బిడ్డకే ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున దండెం మీద బట్టలు ఆరేస్తుంటే కాళ్ల వెంట వెచ్చగా నీళ్లు కారాయి. ఆపుకోలేక యూరిన్ పడిందనుకున్నాను. ఆ నెలలో తుమ్మినా పడుతుంది కదా. బట్టలు మార్చుకున్నాను, అవీ తడిశాయి. హాస్పిటల్‌కు ఫోన్ చేస్తే సిస్టర్ అంది, "యూరిన్ వాసన లేదంటే ఉమ్మనీరేనమ్మా. ఏం తినకు, తాగకు. ఎంటనే రా." మహేందర్‌కు చెప్పాను. "బయల్దేరుతున్న, కానీ వచ్చేసరికి సాయంత్రమైతది" అన్నాడు. శైలజ పరుగున వచ్చి నన్ను ఆటో ఎక్కించింది.

హాస్పిటల్‌లో పొట్టకు బెల్టులు కట్టి, బిడ్డ గుండె కొట్టుకోవడం చూసే ఎన్‌ఎస్‌టీ మిషన్ పెట్టారు. బిడ్డ గుండె చప్పుడు మధ్యమధ్యలో నెమ్మదిస్తోంది. డాక్టరమ్మ లోపల పరీక్ష చేసి, "బ్రీచ్‌ల నీళ్లు పోతే బొడ్డుతాడు జారే రిస్క్ ఉంటది. హార్ట్ బీట్ కూడా పడుతుంది. ఆగొద్దు, ఇప్పుడే తీసేద్దాం" అంది.

అంతలో అత్తమ్మ ఫోన్.

"బిడ్డా, పంతులును అడిగిన. ఇయ్యాల మూల నక్షత్రం, అందుల మొదటి పాదం. తండ్రికి గండమట. మధ్యాహ్నం దాటితే పాదం మారుతది. గప్పటిదాంక జర ఓపిక పట్టు."

"డాక్టర్ ఆగొద్దంటుంది అత్తమ్మా."

"వాళ్ల తొందర వాళ్లది. నాకు ఒక్కడే కొడుకు బిడ్డా."

మహేందర్‌కు ఊహ తెలియకముందే మామయ్య పోయాడు. ఆమె భయం ఎక్కడిదో నాకు తెలుసు. తెలిసినా కోపం ఆగలేదు. ఆమె కొడుకు బస్సులో కిటికీ పక్కన క్షేమంగా కూర్చున్నాడు. నా బిడ్డ గుండె పడిపోతోంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, పక్కన ఉండేదీ లేదు, చేయించుకోనిచ్చేదీ లేదు.

మహేందర్‌కు చేశాను. ఆయనైనా తీసెయ్యమను అంటాడనుకున్నాను. ఆయన మెల్లగా, "అమ్మ గట్ల పరేషానైతుంది. డాక్టర్‌ను ఒక్కసారి అడిగి చూడరాదు?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అంత ఒంటరితనం నేను మళ్లీ ఎప్పుడూ ఎరగను. చుట్టూ సిస్టర్లు ఉన్నారు, తలుపు దగ్గర శైలజ ఉంది. అయినా ఆ బిడ్డ బతుకు గురించి ఆలోచించేది ఈ లోకంలో నేనొక్కదాన్నే అనిపించింది. "తీసేయండి మేడమ్" అని సంతకం పెట్టాను.

లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది, అందుకే చెబుతున్నాను. చేతికి సెలైన్, కింద మూత్రానికి క్యాథెటర్ గొట్టం పెట్టారు. బల్ల మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి వీపు వంచమన్నారు. స్పైనల్ ఇంజెక్షన్ చురుక్కుమంది, అంతే. కాళ్లు బరువెక్కి నావి కానట్టు అయిపోయాయి. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. మత్తు డాక్టర్ నా తల దగ్గర నిలబడి, "గుంజినట్టు, ఒత్తినట్టు తెలుస్తదమ్మా. నొప్పి తెల్వది" అన్నాడు. నిజంగానే సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు అనిపించింది. పళ్లు టకటకా కొట్టుకునేంత వణుకు వచ్చింది. అది మందు వల్లే వస్తుందట.

బిడ్డ వెంటనే ఏడవలేదు. "ఏమైంది? ఏమైంది?" అని అడుగుతూనే ఉన్నాను. తర్వాత సన్నగా, విసుక్కున్నట్టు ఒక ఏడుపు. "ఆడపిల్లమ్మా, బాగుంది" అని సిస్టర్ దాని చెంపను నా చెంపకు ఆనించింది. ఏడ్చాను. చేతులు బల్లకు కట్టి ఉన్నాయి, కన్నీళ్లు చెవుల్లోకి కారాయి, తుడిచేవాళ్లు లేరు. కుట్లు వేయడానికి బిడ్డను తీయడం కంటే ఎక్కువ సేపు పట్టింది.

సాయంత్రం మహేందర్ వచ్చాడు. నేను కదలకుండా వెల్లకిలా పడుకుని ఉన్నాను, ఉయ్యాల నా మంచం పక్కనే ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఎట్లున్నవ్?"

"లోపలికి రా. నీ బిడ్డను చూడు."

"శాంతి అయ్యేదాంక తండ్రి బిడ్డ మొఖం చూడొద్దట. అమ్మ ఫోన్‌ల ఒట్టేయించుకుంది."

మూల నక్షత్రం మళ్లీ తిరిగొచ్చే రోజున శాంతి చేస్తారు. అంటే దాదాపు నెల. శైలజ తీసిన ఫొటోలు కూడా ఆయన తెరవలేదు.

మర్నాడు నన్ను లేపి నడిపించారు. పక్కకు ఒత్తిగిలి, చెయ్యి ఊతంగా పెట్టి లేవాలి. నేను తిన్నగా లేవబోయాను, ప్రాణం పోయిందనుకున్నాను. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోమన్నారు. గ్యాస్ పోయిందా అని వచ్చిన ప్రతివాళ్లూ అడిగేవారు. పోయాక ఇడ్లీ పెట్టారు. ఇంత సిగ్గుమాలిన పరీక్ష నేనెప్పుడూ పాసవలేదు.

డిశ్చార్జ్ నాడు నేనూ బిడ్డా, ఊరి నుంచి వచ్చిన అత్తమ్మా ఆటోలో, మహేందర్ ముందు బండి మీద. అత్తమ్మ మంచిగానే చూసుకుంది, అబద్ధమెందుకు? బిడ్డకు కాళ్ల మీద స్నానం చేయించేది, నాకు వెల్లుల్లి కారంతో వేడన్నం కలిపి పెట్టేది. "ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని నా మీద విసురుతూనే ఇంకో ముద్ద వేసేది. కానీ ముందు గదికీ మా గదికీ మధ్య ఒక చీర కట్టింది. అటువైపు ఆయన, ఇటువైపు మేము. బిడ్డ ఏడిస్తే అటువైపు ఆయన లేచి తిరగడం వినిపించేది.

కొన్నాళ్లకు కుట్ల దగ్గర ఎర్రబడి జ్వరం వచ్చింది. ఆ పొద్దున అత్తమ్మ కూరగాయలకు నారాయణగూడ మార్కెట్‌కు వెళ్లింది. ఉయ్యాలలో బిడ్డ పాలు కక్కుకుని ఉక్కిరిబిక్కిరవుతోంది. లేవబోతే కళ్లు తిరిగి మంచం మీద పడ్డాను. "మహేందర్!" అని అరిచాను.

వచ్చాడు. కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు ముందుకు చాపి, గోడ తడుముకుంటూ వచ్చాడు.

"కళ్లు తెరువు! పడేస్తవ్ దాన్ని!"

"ఒట్టేసిన. నువ్వు చెప్పు, ఎటు?"

"ఎడమకు. ఇంకా కిందికి. తల కింద చెయ్యి పెట్టు. పక్కకు తిప్పు, పక్కకు."

పాలు కారిపోయి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. తెచ్చి నా రొమ్ము మీద పెట్టాడు. మూసిన కళ్లలోంచే నీళ్లు కారుతున్నాయి. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు కలుగుతుంది, అప్పుడు కలగలేదు. చీర తప్పించుకుని, తడుముకుంటూ వెళ్లిపోయాడు. బిడ్డ ఊపిరి సరిగ్గా అందుతోందో లేదో చాలాసేపు నేనొక్కదాన్నే చూస్తూ పడుకున్నాను.

"కుట్ల కింద నీరు చేరింది. జ్వరం వచ్చిన రోజే రావాలె గద" అని డాక్టరమ్మ కేకలేసింది. యాంటీబయాటిక్స్ వాడి, రోజూ డ్రెస్సింగ్‌కు తిరిగితే తగ్గింది.

శాంతి రోజు పంతులు కంచు గిన్నెలో నూనె పోయించాడు. తండ్రి ముందు ఆ నూనెలో బిడ్డ నీడ చూసి, ఆ తర్వాతే బిడ్డను చూడాలట. నేను బిడ్డను ఎత్తుకుని వెనక నిలబడ్డాను. మహేందర్ గిన్నెలోకి వంగాడు. "కనవడ్డదా?" అంది అత్తమ్మ ఆత్రంగా. "దీపం కనవడుతుంది. ఆమె చెయ్యి కనవడుతుంది" అన్నాడు. సరే, చూసినట్టే, ఇక తిరగమన్నాడు పంతులు.

తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత పెద్దగున్నదా?"

"పుట్టినప్పుడు గింత లేకుండె" అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

ఇప్పుడు మా పాప గడపలు దాటుతోంది. నా కుట్ల మచ్చ చుట్టూ చర్మం ఇంకా మొద్దుగానే ఉంటుంది, కొందరికి అలాగే ఉంటుందట. అత్తమ్మ పాపను నేల మీద కాలు పెట్టనివ్వదు. నేను మళ్లీ రీడింగ్ రూమ్‌కు వెళ్తున్నాను. మహేందర్ శనివారం వచ్చినప్పుడల్లా నా ఫోన్ తీసుకుని ఆ మొదటి రోజుల ఫొటోలు చూస్తూ కూర్చుంటాడు. "అప్పుడు నవ్వేదా?" అని అడుగుతాడు. నిద్రలో నవ్వేదని చెబుతాను. అది ఏ ఫొటోలోనూ లేదు.

సిజేరియన్ ప్లాన్ చేసుకునే చెల్లెళ్లకు ఒక్కమాట. సంచి సర్దుకోండి, డేట్ పెట్టించుకోండి, ముహూర్తం అడిగితే అడగండి. కానీ బిడ్డ ఆ రోజు దాకా ఆగకపోతే మీ పక్కన నిలబడేదెవరో, ఆ పుట్టిన బిడ్డ మొహం మొదట చూసేదెవరో, మీ ఆయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని ముందే అడగండి. ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లాక అడగడానికి ఎవరూ ఉండరు.